రెండు భాషల ప్రాథమిక పాఠశాల – కెనడా అనుభవం

ఒక దేశంలో రెండు పెద్ద భాషలు ఉన్నప్పుడు ఆ దేశపు బడి ఏ విధంగా ఉండాలి? ఎవరి పిల్లలు వారి భాషలో వేరువేరుగా చదువుకోవాలా, లేక ఒకే బడిలో రెండు భాషలూ నేర్వాలా? రెండూ నేర్పితే పసివారి బుద్ధికి అది భారమవుతుందా? పొరుగువారి భాష నేర్చిన పిల్లవాడు తన భాషకు దూరమవుతాడా? భారతదేశంలో మనం నిత్యమూ వినే ఈ ప్రశ్నలు కెనడా దేశంలోనూ నూరు సంవత్సరాలకు పైగా వినవస్తున్నాయి. అక్కడ ప్రధానంగా తలపడిన భాషలు ఇంగ్లీషు, ఫ్రెంచి. ఈ రెండు భాషలలో బోధించే ప్రాథమిక పాఠశాల అక్కడ ఎట్లా పుట్టింది, ఏ విలువలను పెంపొందించింది, ఏ చోట పరిమితులను ఎదుర్కొన్నది అనే విషయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బహుభాషా దేశాలన్నింటికీ ఆ కథలో ఉపయోగపడే సంగతులు ఉన్నాయి.

ఒకే ఊరు, రెండు లోకాలు

కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో, మాంట్రియల్ నగరానికి ఎదురుగా, సెయింట్ లారెన్స్ నదికి దక్షిణపు ఒడ్డున సెయింట్ లాంబర్ట్ అనే పట్టణం ఉన్నది. 1960 ప్రాంతంలో అక్కడ ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు, ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలు ఇరుగుపొరుగున నివసించేవి. అయినా వారి మధ్య రాకపోకలు స్వల్పం. ఒకరి బడి ఒకరికి తెలియదు. ఒకరి పిల్లలతో ఒకరి పిల్లలు ఆడుకొనే అలవాటు లేదు. ఈ స్థితి ఆ ఒక్క పట్టణానికే పరిమితం కాదు. హ్యూ మెక్లెనన్ 1945లో ప్రచురించిన ‘టూ సాలిట్యూడ్స్’ అనే నవల పేరుకు ‘రెండు ఏకాంతాలు’ అని అర్థం. కెనడాలోని రెండు భాషాసమాజాల ఎడబాటును సూచించడానికి ఆ మాట దేశమంతటా నానుడిగా స్థిరపడింది.

ఈ ఎడబాటుకు బడులు కూడా ఒక కారణం. 1867లో కెనడా సమాఖ్య ఏర్పడినప్పుడు రాజ్యాంగ చట్టం మతాన్ని బట్టి నడిచే పాఠశాలలకు రక్షణ కల్పించింది. తత్ఫలితంగా క్వెబెక్‌లో కాథలిక్ పాఠశాలలు ఒక వ్యవస్థగాను, ప్రొటెస్టెంట్ పాఠశాలలు మరొక వ్యవస్థగాను పెరిగాయి. ఫ్రెంచివారిలో అత్యధికులు కాథలిక్కులు. ఇంగ్లీషువారిలో చాలామంది ప్రొటెస్టెంట్లు. ఈ విధంగా మతభేదం భాషాభేదాన్ని మరింత దృఢపరచింది. ఇంగ్లీషు బడిలో ఫ్రెంచి ఒక పాఠ్యాంశంగా ఉండేది. రోజుకు కొద్ది నిమిషాల పాటు వ్యాకరణం, పదాల పట్టికలు వల్లె వేయించేవారు. ఫ్రెంచి మాతృభాషగా గల ఉపాధ్యాయులు ఆ బడులలో అరుదు. పది పన్నెండు సంవత్సరాలు ఆ విధంగా చదివిన విద్యార్థి కూడా పొరుగింటి వారితో నాలుగు మాటలు మాట్లాడలేకపోయేవాడు.

ఆ కాలంలో క్వెబెక్ జనాభాలో సుమారు ఐదింట నాలుగు వంతుల మంది ఫ్రెంచి మాట్లాడేవారే. అయినప్పటికీ మాంట్రియల్‌లోని పెద్ద వ్యాపారాలలో, ఉన్నతోద్యోగాలలో ఇంగ్లీషుదే పైచేయి. 1960 తరువాత ఫ్రెంచి సమాజంలో విద్య, పరిపాలన, ఆర్థికరంగాలలో గొప్ప కదలిక వచ్చింది. చరిత్రకారులు దానిని ‘ప్రశాంత విప్లవం’ అని పేర్కొన్నారు. రెండు భాషల స్థితిగతులను విచారించడానికి కేంద్ర ప్రభుత్వం 1963లో ఒక రాయల్ కమిషన్‌ను నియమించింది. ఫ్రెంచి మూలాల వారి సగటు ఆదాయం, వారే అధిక సంఖ్యాకులైన క్వెబెక్‌లో సైతం, బ్రిటిష్ మూలాల వారి కంటే చాలా తక్కువగా ఉన్నదని ఆ కమిషన్ వెల్లడించింది. తమ పిల్లలు ఇకమీదట ఫ్రెంచి తెలియకుండా ఆ నేలపై గౌరవంగా బ్రతకలేరని ఇంగ్లీషు తల్లిదండ్రులలో కొందరు గ్రహించారు.

తల్లిదండ్రుల పూనిక

1963 అక్టోబరులో సెయింట్ లాంబర్ట్‌లో పన్నెండు మంది తల్లిదండ్రులు ఒక ఇంటిలో సమావేశమయ్యారు. ఓల్గా మెలికాఫ్, మ్యూరియల్ పార్క్స్, వాలెరీ నీల్ అనే ముగ్గురు స్త్రీలు ఈ ప్రయత్నానికి నాయకత్వం వహించారు. వారు విద్యావేత్తలుగా పేరొందినవారు కారు, అధికారులు కారు. తమ పిల్లలు పొరుగువారి భాషను నిజంగా మాట్లాడగలగాలి అన్నదే వారి కోరిక. శిశుతరగతి నుండే ఫ్రెంచిలో బోధించాలని వారు పాఠశాలా మండలిని కోరారు.

మండలి వెంటనే అంగీకరించలేదు. ఇంటిలో ఒక భాష, బడిలో మరొక భాష అయితే పిల్లలు తికమకపడరా? గణితంలో వెనుకబడితే బాధ్యత ఎవరిది? మాతృభాషలో చదవడం, రాయడం రాకపోతే ఏమి చేయాలి? ఈ సందేహాలు అసంగతమైనవి కావు. తల్లిదండ్రులు నిరుత్సాహపడక, తమ ఖర్చుతో బడివేళల తరువాత ఫ్రెంచి తరగతులు నడిపారు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఇద్దరు పండితుల సలహా కోరారు. వారిలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ మెదడు శస్త్రచికిత్సలో ప్రపంచ ప్రసిద్ధుడు. పసితనంలోనే అన్యభాష సులభంగా పట్టుబడుతుందని వాదించినవాడు. రెండవవాడైన వాలెస్ లాంబర్ట్ భాషకు, మనస్సుకు గల సంబంధాన్ని పరిశోధించిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఎట్టకేలకు మండలి ప్రయోగం పేరిట అనుమతించింది. 1965 సెప్టెంబరులో 26 మంది పిల్లలతో ఒకే ఒక శిశుతరగతి ఆరంభమైంది.

తరగతిలో బోధన

ఈ పద్ధతికి ‘ఇమ్మర్షన్’ అని పేరు వచ్చింది. నీటిలో మునిగినట్లు భాషలో మునగడం అని దాని భావం. ఈత గురించి ఉపన్యాసం విన్నవాడికి ఈత రాదు, నీటిలోకి దిగాలి. భాష కూడా అంతే అన్నది ఈ పద్ధతికి ఆధారమైన ఆలోచన. ఉపాధ్యాయిని మొదటి రోజు నుండి ఫ్రెంచిలోనే మాట్లాడేది. పాట, ఆట, బొమ్మ, చేతి సైగ, ముఖకవళిక ఆమెకు తోడ్పడేవి. ఐదేండ్ల పిల్లలు తొలుత తమ ఇంగ్లీషులోనే సమాధానం చెప్పేవారు. అందుకు వారిని మందలించేవారు కారు. వినడం, గ్రహించడం ముందు, మాట్లాడడం ఆ తరువాత.

ఒకటవ తరగతిలో చదవడం, రాయడం కూడా మొదట ఫ్రెంచిలోనే నేర్పారు. గణితం ఫ్రెంచిలోనే జరిగింది. రెండవ తరగతిలో ఇంగ్లీషు పఠనాన్ని రోజుకు సుమారు ఒక గంట చొప్పున ప్రవేశపెట్టారు. తరువాతి సంవత్సరాలలో ఇంగ్లీషు పాలు క్రమంగా పెరిగి, ప్రాథమిక విద్య ముగిసేసరికి రెండు భాషలూ ఇంచుమించు సమంగా బోధనలో నిలిచాయి. ఫ్రెంచి ఇక్కడ కేవలం పాఠ్యాంశం కాదు, ఇతర పాఠాలను నేర్చుకొనే సాధనం. ఈ తేడాయే పాత పద్ధతిని, కొత్త పద్ధతిని వేరుచేస్తున్నది.

కొలిచి చూసిన ఫలితాలు

రెండు భాషలు పసివారి బుద్ధిని మందగింపజేస్తాయని ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాలలో విద్యావేత్తలు పలువురు నమ్మేవారు. 1923లో వేల్స్ ప్రాంతపు పిల్లలపై డి. జె. సేర్ ప్రకటించిన పరిశోధన ఈ నమ్మకానికి బలమిచ్చింది. అయితే అటువంటి పరిశోధనలలో అనేకం కుటుంబాల ఆర్థిక స్థితిని, పిల్లలకు ఆయా భాషలలో గల ప్రవేశాన్ని తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు. 1962లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ ఈ లోపాలను సవరించడానికి యత్నించి, మాంట్రియల్‌లోని పదేండ్ల పిల్లలను పరీక్షించారు. రెండు భాషలూ బాగా వచ్చిన పిల్లలు బుద్ధి పరీక్షలలో ఏకభాషా బాలల కంటే మెరుగుగా ఉన్నారని తేలింది. రెండు భాషల వల్ల తెలివి పెరిగిందా, తెలివిగలవారే రెండు భాషలు నేర్చారా అనే ప్రశ్నను తరువాతి పండితులు లేవనెత్తారు. ఏమైనప్పటికీ రెండవ భాష బుద్ధికి చేటు అనే పాత భయం సడలిపోయింది.

సెయింట్ లాంబర్ట్ తరగతులను లాంబర్ట్, రిచర్డ్ టక్కర్ అనే పరిశోధకులు ఏటేటా పరీక్షించి, 1972లో గ్రంథరూపంలో ఫలితాలను ప్రకటించారు. అదే తరహా కుటుంబాలకు చెంది, మామూలు ఇంగ్లీషు బడిలో చదివే పిల్లలతో ఒకవైపు, ఫ్రెంచి బడిలో చదివే ఫ్రెంచి పిల్లలతో మరొకవైపు వీరిని పోల్చారు. ఒకటవ తరగతి చివర ఇంగ్లీషు పఠనంలో వీరు కొంత వెనుకబడిన మాట నిజం. ఇంగ్లీషు బోధన మొదలైన తరువాత ఆ లోటు త్వరలోనే తీరింది. ఫ్రెంచిలో నేర్చిన గణితాన్ని ఇంగ్లీషులో పరీక్షించినా వీరు తోటివారికి తీసిపోలేదు. ఒక భాషలో అబ్బిన జ్ఞానం రెండవ భాషలోనూ అక్కరకు వస్తుందనడానికి ఇది నిదర్శనం. ఫ్రెంచిని విని అర్థం చేసుకోవడంలో వీరు ఫ్రెంచి పిల్లలకు చేరువ అయ్యారు. మాట్లాడడంలో, రాయడంలో మాత్రం తప్పులు మిగిలాయి. మాతృభాషగా పలికేవారి సహజత్వం పూర్తిగా రాలేదు.

బడి పెంచిన విలువలు

పరీక్షల మార్కులకు అందని ఫలితాలు కూడా ఇటువంటి బడిలో ఉంటాయి. వాటిలో మొదటిది తప్పు పట్ల సహనం. తరగతిలో అందరూ కొత్త భాషలో తడబడేవారే కాబట్టి ఒకరి తడబాటును మరొకరు ఎగతాళి చేయడానికి తావు తక్కువ. తెలియని మాటను తెలిసిన మాటలతో చుట్టి చెప్పే నేర్పు, ఎదుటివాడు ఏమి చెప్పదలచినాడో ఓపికగా వినే అలవాటు అక్కడ నిత్యావసరాలు.

రెండవది, పొరుగు భాషకు లభించిన హోదా. అంతవరకు ఇంగ్లీషు పిల్లవాడి దృష్టిలో ఫ్రెంచి అనేది వీధిలో వినబడే పరాయి మాట. ఇప్పుడు అది లెక్కల భాష, కథల భాష, తాను ప్రేమించే ఉపాధ్యాయిని భాష. అధిక సంఖ్యాకుల భాషను అల్పసంఖ్యాకులు నేర్వడం ప్రపంచంలో సర్వసాధారణం. దేశం మొత్తం మీద అధిక సంఖ్యాకులైన ఇంగ్లీషువారు ఫ్రెంచివారి భాషను తమ పిల్లలకు విద్యామాధ్యమంగా కోరుకోవడం విశేషం. ఇచ్చిపుచ్చుకోవడంలోని న్యాయం అందులో ఉన్నది.

మూడవది, బడికి, ఇంటికి మధ్య ఏర్పడిన సహకారం. ఈ పిల్లల తల్లిదండ్రులలో ఫ్రెంచి ధారాళంగా తెలిసినవారు కొద్దిమందే. పిల్లవాడు తెచ్చిన పుస్తకాన్ని తాము చదివి వినిపించలేకపోయినా ఉపాధ్యాయులపై విశ్వాసం ఉంచవలసి వచ్చింది. ఇంటిలో ఇంగ్లీషు పుస్తకాలు, ఇంగ్లీషు సంభాషణ సమృద్ధిగా ఉండడం మాతృభాషను కాపాడింది. ఈ తల్లిదండ్రుల ఐక్యత క్రమంగా దేశవ్యాప్తమైంది. 1969లో అధికార భాషల చట్టం ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలకు కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలలో సమాన హోదా కల్పించింది. 1977లో ‘కెనడియన్ పేరెంట్స్ ఫర్ ఫ్రెంచ్’ అనే సంస్థ ఏర్పడింది. ఒక్క తరగతిలో 26 మందితో మొదలైన పద్ధతిలో ఇటీవలి సంవత్సరాలలో చదువుతున్న పిల్లల సంఖ్య నాలుగు లక్షలు దాటింది.

బడి గోడలు దాటని భాష

అయితే ఈ ప్రయోగం సాధించలేకపోయిన విషయాన్ని కూడా గుర్తించాలి. తరగతిలోని పిల్లలందరూ ఇంగ్లీషు ఇండ్ల నుండి వచ్చినవారే. ఫ్రెంచి మాతృభాషగా గల వ్యక్తి అక్కడ ఉపాధ్యాయిని ఒక్కరే. గంట మోగి ఆటస్థలానికి రాగానే పిల్లలు ఇంగ్లీషులోకి మారిపోయేవారు. కావున వారి ఫ్రెంచి తరగతికి సరిపోయే ఫ్రెంచిగా నిలిచింది. అల్లరికి, అలకకు, స్నేహానికి అవసరమైన ఫ్రెంచి అంతగా అబ్బలేదు. తరువాతి పరిశోధనలలో ఈ విద్యార్థులు ఫ్రెంచివారు పలకరిస్తే జంకు లేకుండా బదులివ్వగలరని, కాని తామై ఫ్రెంచి స్నేహాలను వెదకడం తక్కువని వెల్లడైంది. భాషను నేర్పడం బడికి సాధ్యమైంది. స్నేహితుని ఇవ్వడం అంత తేలిక కాలేదు.

మరొక విమర్శ సామాజికమైనది. చదువుకున్న, కలిగిన కుటుంబాల పిల్లలే ఇటువంటి తరగతులలో ఎక్కువగా చేరుతున్నారని, చదువులో ఇబ్బంది పడే పిల్లలను మామూలు ఇంగ్లీషు తరగతులకు పంపివేస్తున్నారని ఫిర్యాదులు ఉన్నాయి. ఫ్రెంచి బాగా తెలిసిన ఉపాధ్యాయుల కొరత కూడా చాలా చోట్ల ఉన్నది. రెండు సమాజాలను కలపడానికి పుట్టిన బడి, ఒకే సమాజంలో రెండు తరగతుల పిల్లలను సృష్టించకుండా జాగ్రత్త వహించడం అవసరం.

అదే బడి, వేరొక ఫలితం

ఇంతవరకు చూసినది ఇంగ్లీషు పిల్లల అనుభవం. ఫ్రెంచివారు అల్పసంఖ్యాకులుగా ఉన్న రాష్ట్రాలలో రెండు భాషల బడి చరిత్ర మరొక విధంగా నడిచింది. అంటారియో రాష్ట్రంలో ఫ్రెంచి కుటుంబాల పిల్లలకు ఇంగ్లీషు–ఫ్రెంచి పాఠశాలలు పంతొమ్మిదవ శతాబ్దం నుండే ఉండేవి. 1912లో ఆ రాష్ట్ర ప్రభుత్వం పదిహేడవ నిబంధన అనే ఆజ్ఞను జారీచేసి, ఫ్రెంచిలో బోధనను మొదటి రెండు సంవత్సరాలకు పరిమితం చేసింది. ఆ తరువాత బోధన అంతా ఇంగ్లీషులోనే సాగాలని శాసించింది. ఒటావా నగరంలోని గీగ్ పాఠశాలలో బియాట్రిస్, డయాన్ డెలోజ్ అనే అక్కచెల్లెళ్లు ఈ ఆజ్ఞను ధిక్కరించి ఫ్రెంచిలో బోధించారు. 1916లో వారిని తొలగించడానికి వచ్చిన అధికారులను పిల్లల తల్లులు టోపీలకు పెట్టుకొనే పొడవాటి సూదులు చేతబట్టి అడ్డగించారు. ఆ నిబంధన అమలు 1927లో ఆగిపోయింది. మానిటోబా రాష్ట్రంలోనూ ద్విభాషా పాఠశాలలు 1916లో రద్దయ్యాయి.

ఈ తల్లులు ఇంగ్లీషుకు విరోధులు కారు. ఇంగ్లీషు వీధిలో, కర్మాగారంలో, కచేరీలో ఎటు చూసినా ఉన్నది. పిల్లలకు అది ఎట్లాగూ వస్తుంది. ఫ్రెంచికి మాత్రం ఇల్లు, బడి తప్ప మరొక ఆశ్రయం లేదు. బడి కూడా పోతే మూడవ తరం నాటికి భాష అంతరిస్తుందన్నదే వారి భయం. ఆ భయాన్ని అర్థం చేసుకున్న తరువాతి కాలపు రాజ్యాంగకర్తలు 1982 నాటి హక్కుల పత్రంలోని 23వ అధికరణం ద్వారా, తగిన సంఖ్యలో పిల్లలున్న చోట, అల్పసంఖ్యాక భాషా కుటుంబాలకు తమ భాషలో ప్రాథమిక, మాధ్యమిక విద్య పొందే హక్కును కల్పించారు.

ఇంతకంటె విషాదకరమైనది ఆదివాసుల అనుభవం. వారి పిల్లలను కుటుంబాల నుండి వేరుచేసి వసతి బడులలో ఉంచి, మాతృభాష మాట్లాడినందుకు శిక్షించిన కాలం కెనడాలో దీర్ఘంగా సాగింది. 2015లో వెలువడిన సత్య–సయోధ్య సంఘం నివేదిక ఆ గాయాలను దేశం ముందు ఉంచింది. అక్కడ కూడా పిల్లలు అన్యభాషలోనే ‘మునిగారు’. కాని సెయింట్ లాంబర్ట్ పిల్లలకు ఒడ్డున తమ భాష సురక్షితంగా వేచి ఉన్నది. ఈ పిల్లలకు ఆ ఒడ్డునే లేకుండా చేశారు.

కూడిక, తీసివేత

ఈ వైరుధ్యాన్ని లాంబర్ట్ స్వయంగా గుర్తించి, బాలల లెక్కల పుస్తకంలోని రెండు ప్రక్రియలతో వివరించాడు. మొదటి భాష పదిలంగా ఉండగా రెండవ భాష వచ్చి చేరితే అది కూడిక. రెండవ భాష వచ్చి మొదటి భాషను తొలగిస్తే అది తీసివేత. బడిలో జరిగే పని రెండు చోట్లా పైకి ఒకే విధంగా కనిపించవచ్చు. ఇంటిభాషకు సమాజంలో గల గౌరవాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఇంగ్లీషు పిల్లవాడు ఫ్రెంచి బడికి వెళ్లినా అతని ఇంగ్లీషుకు ముప్పు లేదు. అల్పసంఖ్యాక భాష పిల్లవాడు పెద్ద భాష బడికి మాత్రమే వెళితే అతని భాష క్షీణించే ప్రమాదం ఉన్నది. కావున సెయింట్ లాంబర్ట్ విజయాన్ని చూపి, ఏ పిల్లవానికైనా మొదటి రోజు నుండి అన్యభాషలో బోధించవచ్చునని వాదించడం సరికాదు.

మనకు అందే పాఠం

మన రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల బాలలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి కృషి చేయాలని రాష్ట్రాలను ఆదేశిస్తున్నది. 1968 నాటి జాతీయ విద్యావిధానం త్రిభాషా సూత్రాన్ని ఆమోదించింది. 2020 నాటి విధానం సాధ్యమైన చోట కనీసం ఐదవ తరగతి వరకు ఇంటిభాషలో లేక మాతృభాషలో బోధన జరగాలని సూచించింది. ఈ ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో సవర భాషను శ్రమించి నేర్చుకొని, సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రచించాడు. పొరుగువాడు తన భాష నేర్చుకొనే వరకు వేచి ఉండక, తానే పొరుగువాని భాష నేర్చిన ఉపాధ్యాయుడాయన. సెయింట్ లాంబర్ట్ తల్లిదండ్రుల కోరికలోని సారం కూడా అదే.

మన తరగతి గదులలో ఈనాడు ఒకే బల్లపై తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా, తమిళం, కన్నడం, మరాఠీ, కోయ, గోండి, లంబాడీ మాట్లాడే ఇండ్ల పిల్లలు కూర్చోవచ్చు. కెనడా బడికి లేని భాగ్యం ఇది. అక్కడ పొరుగు భాష ఉపాధ్యాయిని నోట మాత్రమే వినబడింది. ఇక్కడ అది పక్కన కూర్చున్న స్నేహితుని నోట వినబడుతుంది. ఆ స్నేహితుని భాషలో పది మాటలు, ఒక లాలిపాట, ఒక పొడుపుకథ నేర్చుకోవడానికి ప్రత్యేక గ్రంథాలు, నిధులు అక్కరలేదు. ఉపాధ్యాయుని అనుమతి, తోటివారి ఆసక్తి చాలు. తన భాషను బడిలో గౌరవంగా వినిపించిన పిల్లవాడు దేశభాషలన్నింటి పట్ల గౌరవం పెంచుకొంటాడు; తన భాషను దాచుకోవలసి వచ్చిన పిల్లవాడు బడినే పరాయిదిగా భావిస్తాడు.

సమైక్యత అంటే ఒక భాష మరొక భాషను మింగివేయడం కాదని, ప్రతి భాష తన ఇంటిలో నిలదొక్కుకొని పొరుగింటికి వెళ్లిరాగలగడమని కెనడా బడుల చరిత్ర తెలుపుతున్నది. పిల్లవానికి మరొక భాషను ఇచ్చే ముందు అతని భాషకు బడిలో చోటు ఉన్నదా అని చూడడం ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల, పాలకుల మొదటి కర్తవ్యం. ఆ చోటు భద్రంగా ఉన్నప్పుడు రెండవ భాష, మూడవ భాష అతనికి భారం కావు. అవి అతని సంపదకు కూడికలే అవుతాయి.